సున్నం నూరిన చేతులు, ఫలకం మీద పేర్లు

పాత కట్టడాల్ని బాగా కాపాడినవాళ్ళకి అవార్డులు ఇస్తారు. ఈ సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. ఆ కబురు మన దాకా ఎవరూ మోసుకురాలేదు, అందుకని తెలియదు. యునెస్కో వాళ్ళు ఆసియా, పసిఫిక్ దేశాలకి కలిపి 2000 నుంచి ఈ అవార్డులు ఇస్తున్నారు. 2022లో తెలుగు నేలకి రెండొచ్చాయి. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఉన్న మెట్లబావుల్ని బాగుచేసినందుకు ఒకటి. కామారెడ్డి జిల్లా దోమకొండ గడికోటని నిలబెట్టినందుకు ఇంకొకటి. ఆ బావుల్లో పెద్దదాని గోడ 2013 వానలకి కూలిపోతే మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టి నిలబెట్టారు. మంచి పని. ఎవరూ కాదనరు.

అవార్డు ఇచ్చేవాళ్ళు ఏం చూస్తారు? కట్టడం గురించి ముందు సరిగ్గా తెలుసుకున్నారా, పాత సరుకుతో, పాత పనితనంతో బాగుచేశారా, చుట్టూ ఉన్న జనానికి దానివల్ల ఏం మేలు జరిగింది – ఇవి చూస్తారు. ఈ మూడూ న్యాయమైన ప్రశ్నలే. వీటి పక్కన నాలుగో ప్రశ్న ఒకటి పెట్టాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఈ కట్టడానికి రాయి మోసిందెవరు, సున్నం నూరిందెవరు, కట్టడం పూర్తయ్యాక వాళ్ళని లోపలికి రానిచ్చారా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా ఇంట్లోంచి వచ్చింది. మాది నరసరావుపేట చుట్టుపక్కల పల్లె. పల్లె అంటే ఊరు కాదు. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. ఊరికి చరిత్ర ఉంటది, పల్లెకి జనాభా లెక్కలుంటాయి. మా తాత సున్నం గానుగ దగ్గర కూలి. మా నాయనమ్మ నాగార్జునసాగర్ ఆనకట్ట మీద రాళ్ళు మోసిన మనిషి. వీళ్ళిద్దరి చేతుల మీదుగా ఎన్ని గోడలు లేచాయో మాకు లెక్క లేదు. ఏ గోడ మీదా వాళ్ళ పేరు లేదు.

నరసరావుపేట పేరే చూడండి. మల్రాజు వంశపు జమీందారు నరసారావు పేరు మీద వచ్చింది. అంతకు ముందు అట్లూరు అనేవాళ్ళంటారు. 1797లో పేట కట్టారని చెప్తారు. జమీందారు కోట కట్టించాడు, పేట కట్టించాడు అని రాస్తారు. తెలుగులో ఈ ‘కట్టించాడు’ అనే మాట చాలా పని చేసిద్ది. కట్టించినవాడు కనపడతాడు, కట్టినవాడు మాయమైపోతాడు. బళ్ళో మేము చదివిన చరిత్రంతా ఈ ‘కట్టించెను, తవ్వించెను, వేయించెను’లతోనే నడిచింది. తవ్వినవాడి గురించి ఒక్క వాక్యం కూడా లేదు.

మా తాత చేసిన పనిని కొంచెం వివరంగా చెప్తాను. ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెప్పాలి.

పల్నాడు నేల కింద అంతా సున్నపురాయే. మాచర్ల వైపు నాపరాయి, పిడుగురాళ్ళ వైపు సున్నపు బట్టీలు. రాయిని బట్టీలో పెట్టి కాలిస్తే పొడిబారి తేలికవుద్ది. దానిమీద నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి, పొగలు కక్కి, పిండి అయిపోద్ది. ఆ పిండిని గుంటలో నీళ్ళల్లో నానబెట్టాలి. ఎన్ని రోజులు నానితే అంత మెత్తన. తర్వాత గానుగ. నేల మీద గుండ్రంగా కాలవ తవ్వి, రాళ్ళు పరిచి, అందులో రాతి చక్రం తిప్పుతారు. ఎద్దులు తిప్పుతాయి, వెనకాల మనిషి పారతో ఎగదోస్తా ఉంటాడు. సున్నం, ఇసక కలిపి పొద్దుగూకులు నూరాలి. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోస్తారు. తేమ చోటైతే ఇటికపొడి కలుపుతారు. ‘వేలికి రాసుకుంటే వెన్నలాగా జారాల, గోడకి కొడితే జలగలాగా పట్టాల’ అనేవాడంట మా తాత. ఎంత నూరాలో, ఎప్పుడు ఆపాలో ఏ కాగితం మీదా ఉండేది కాదు. అది అతని చేతిలో ఉండేది.

ఆ సున్నం పనివాళ్ళ కాళ్ళని తినేసేది. మడమలు పగిలి నెత్తురు కారేది. కళ్ళల్లో పడితే చూపే పోయేది. మా తాతకి చివరి పదేళ్ళు ఒక కన్ను కనపడలేదు. పెద్దకులాల లోగిళ్ళకి ఆయన నూరిన గచ్చు అద్దంలాగా మెరిసేది. ఆ గచ్చు ఆరేదాకా ఆయన దాని మీద తిరిగాడు. ఆరినాక కాలు పెట్టడానికి లేదు. సున్నం తడిగా ఉన్నంతసేపు అంటు లేదు, ఆరితే అంటు వచ్చింది. ఇంతకంటే వింత న్యాయం ఏ దేశంలో ఉందో నాకైతే తెలియదు.

తర్వాత సిమెంటొచ్చింది. గానుగలు మూలబడ్డాయి. మా తాత లాంటివాళ్ళు పొలం కూలీకి పోయారు. పాత కట్టడాలకి పగుళ్ళొస్తే సిమెంటు పూశారు. సున్నపు గోడ గాలి పీల్చి వదులుద్ది, తడిని బయటికి పంపుద్ది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుపోయి రాయినీ ఇటికనీ తినేస్తది. ఈ సంగతి ఇంజనీర్లకి ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ప్రపంచమంతా పాత కట్టడాలకి సున్నమే వాడాలంటున్నారు. అవార్డు పొందిన ప్రతి పనిలోనూ గొప్పగా చెప్పుకునే మాట ఇదే – సంప్రదాయ సున్నంతో చేశాం అని. మా తాతకి అది సంప్రదాయం అని తెలియదు. కూలి అని తెలుసు. అంతే.

నా మొదటి మాట ఇది. వారసత్వ సంపద అని పెద్దలు అనేదాంట్లో సగం రాయి, సగం చేతిపని. రాయికి రక్షణ చట్టం ఉంది. చేతికి లేదు.

చట్టం దగ్గరికొద్దాం. కేంద్రం 1958లో పురాతన కట్టడాల చట్టం చేసింది. దాని ప్రకారం కట్టడానికి నూరేళ్ళకి తక్కువ వయసు ఉండకూడదు. 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన చట్టం తాను చేసుకుంది. చట్టం కులం పేరు ఎక్కడా ఎత్తదు. ఎత్తాల్సిన అవసరమే లేదు. మీరే ఆలోచించండి. నూరేళ్ళు నిలిచే ఇల్లు కట్టాలంటే ముందు సొంత జాగా కావాలి. రాయి కావాలి, సున్నం కావాలి, టేకు దూలం కావాలి. ఊరివాళ్ళు ఓర్చుకోవాలి. మా పల్లెల్లో ఇళ్ళు మట్టిగోడలు, తాటాకు కప్పులు. వేసవిలో ఒక్క నిప్పురవ్వ చాలు, వరసంతా బూడిద. చాలాచోట్ల జాగా కూడా పోరంబోకు, రేపు లెమ్మంటే లేవాలి. అట్టాంటి వాడలో నూరేళ్ళ కట్టడం ఎక్కడినుంచి వచ్చిద్ది? ముందు మనకి రాయి దక్కకుండా చేశారు. తర్వాత రాయి ఉంటేనే చరిత్ర అన్నారు.

మరి మనవాళ్ళ పేరు రాయి మీద ఎప్పుడూ లేదా? ఉంది. మన పల్నాడు జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అమరావతి మండలం ఈ జిల్లాలోకే వచ్చింది. అక్కడి మహాచైత్యానికి దానాలిచ్చినవాళ్ళ పేర్లు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో రాళ్ళ మీద చెక్కారు. అందులో విధికుడు అనే ఒకాయన పేరుంది. పేరు పక్కన ‘చమ్మకార’ అని ఉంది. అంటే తోలుపని చేసేవాడు. నాగుడు అనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లితో, పెళ్ళాంతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని దానం చేశాడు. తోలుపనివాడి తండ్రి ఉపాధ్యాయుడు! తోలుపనివాడి దానం మైల కాలేదు. పేరుతో సహా, పనితో సహా, ఇంటిల్లిపాదితో సహా రాయి మీదకి ఎక్కింది. ఈ శాసనం గురించి మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా వాడలో చెప్పులు కుట్టే పెద్దాయనకి చెప్తే, ‘అంటే మనోళ్ళు గుడి మెట్ల కాడ చెప్పులు కుట్టకముందు గుడికి రాయిచ్చారన్న మాట’ అన్నాడు. ఏ ప్రొఫెసరూ ఇంత సూటిగా చెప్పలేదు.

ఆ మహాచైత్యం ఏమైంది? 18వ శతాబ్దం చివర, నరసరావుపేట లేచిన కాలంలోనే, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టించాడు. దిబ్బని తవ్వి రాళ్ళు తీశారు. చెక్కిన పలకల్ని కొత్త కట్టడాలకి వాడుకున్నారు. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. మెకంజీ దొర వచ్చి బొమ్మలు గీయించుకునే నాటికే చాలా పోయింది. మిగిలినదాంట్లో కొంత మద్రాసుకీ కొంత లండన్‌కీ పోయింది. సున్నపు బట్టీలో కాలిపోయిన పలకల మీద ఇంకెంతమంది విధికుల పేర్లున్నాయో! మనవాళ్ళ పేరున్న రాయిని కాల్చి, ఆ సున్నంతో మనవాళ్ళు అడుగుపెట్టలేని గోడలు కట్టారేమో అనిపిస్తది నాకు.

రాజ్యం తలుచుకుంటే కట్టడాన్ని కాపాడలేదా? కాపాడగలదు. నాగార్జునకొండే సాక్ష్యం. ఆ లోయలో 1920ల చివర్లో లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు చేశాడు. ఆనకట్ట కట్టాలని అనుకున్నాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకి పునాదిరాయి వేశాడు. స్తూపాల్నీ విహారాల్నీ కొన్నిటిని విప్పి, కొండ మీదికీ అనుపు దగ్గరికీ తరలించి మళ్ళీ కట్టారు. 1966లో కొండ మీద మ్యూజియం తెరిచారు. 1967లో కాలవల్లోకి నీళ్ళు వదిలారు. లోయలో బుద్ధుడి గుర్తులు బయటపడుతున్న రోజుల్లోనే, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలమందితో బౌద్ధం తీసుకున్నాడు. ఈ రెండు సంగతులూ కలిపి మాకు ఏ మాస్టారూ చెప్పలేదు.

మా నాయనమ్మ ఆ ఆనకట్ట మీద పనిచేసింది. అది యంత్రాలతో పోసిన కట్ట కాదు. వేలమంది మనుషులు రాయీ, మట్టీ, మాలూ నెత్తిన మోసి కట్టిన రాతికట్ట. ‘పొద్దున ఎక్కితే మాపటేల దిగేవాళ్ళం. పిల్లల్ని చెట్టుకి ఉయ్యాల కట్టి పోయేవాళ్ళం’ అనేది. జారిపడి చచ్చినవాళ్ళ పేర్లు వరసగా చెప్పేది. ఆమె చెప్పిన పేర్లు నేను ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. మునిగిపోయే రాళ్ళకి నంబర్లేసి, ఏ రాయి ఎక్కడిదో రాసుకుని మళ్ళీ అట్టాగే పేర్చిన రాజ్యం, కట్ట మీద రాయి మోసిన మనుషుల పేర్లు కూడా అంత శ్రద్ధగా రాసిపెడితే ఎంత బాగుండేది! బుద్ధుడి రాళ్ళని కాపాడినందుకు నాకు సంతోషమే. బుద్ధుడే బతికుంటే ముందు మా నాయనమ్మనే పలకరించేవాడు.

పల్నాడు అనగానే అందరికీ గుర్తొచ్చేది 12వ శతాబ్దం చివరి యుద్ధం. బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం. మాచర్ల చెన్నకేశవుడి గుడి, కారంపూడి వీరుల గుడి. కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఉత్సవం – రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాల్నీ ఒక పంక్తిలో కూర్చోబెట్టాడనీ, మాల కన్నమదాసుని కొడుకులాగా పెంచి సేనాపతిని చేశాడనీ కథ. కథలో ఎంత చరిత్ర ఉందో పండితులు తేల్చుకుంటారు. నేను అడిగేది వేరే. ఈ కథని ఎనిమిదొందల ఏళ్ళు మోసిందెవరు? శ్రీనాథుడు 15వ శతాబ్దంలో ద్విపదలో రాశాడు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేయించాడు. వాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. మరి ఊరూరా తిరిగి, రాత్రంతా గొంతు చించుకుని పాడినవాళ్ళు? వాళ్ళు వీరవిద్యవంతులు. మాలవాళ్ళు. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు వచ్చి, అలిసెట్టి గాలెయ్య పాడిన కథని విని రాసుకుని, 1982లో ఇంగ్లీషులో పుస్తకంగా వేశాడు. గాలెయ్య పేరు అట్టా అచ్చులోకి ఎక్కింది. గుడి గోడకి సున్నం కొట్టకపోతే గుడి పాతబడుద్ది. కథ పాడేవాళ్ళు లేకపోతే గుడిలో ఉన్నది ఎవరో కూడా ఎవరికీ తెలియదు. మరి అవార్డు గోడకేనా? గొంతుకి లేదా?

గుడి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మన వినుకొండలో 1895లో పుట్టిన జాషువా, 1941లో ‘గబ్బిలం’ రాశాడు. మనిషికి గుడి తలుపులు మూసేశారు కాబట్టి గబ్బిలం చేత శివుడికి కబురు పంపాల్సి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో గుళ్ళన్నిటినీ అందరికీ తెరిచే చట్టం 1947లో గానీ రాలేదు. మనం ఇప్పుడు అపురూపంగా చూసుకునే పాత గుళ్ళన్నీ తమ వయసులో ఎక్కువ భాగం మనకి మూసి ఉన్న గుళ్ళే. వాటి ముందు పెట్టే బోర్డుల మీద ఏ రాజు కట్టించాడో ఉంటది. ఎవర్ని రానివ్వలేదో ఉండదు. అది కూడా ఆ కట్టడం చరిత్రే కదా!

ఇక మా పల్లె సంగతి. 1876–78 కరువు తర్వాత బాప్టిస్టు మిషను మా వైపు వేగంగా పాకింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 1883లో నరసరావుపేటలో, వినుకొండలో మిషను స్టేషన్లు పెట్టారు. పల్లెల్లో బడీ గుడీ ఒకే కప్పు కింద మొదలయ్యాయి. పగలు పలక, ఆదివారం పాట. మా పల్లెలోనూ అట్టాంటిది ఒకటి లేచింది. జమీందారు డబ్బు లేదు. రాళ్ళు వాగులోంచి మావాళ్ళే తెచ్చుకున్నారు. సున్నం మావాళ్ళే నూరుకున్నారు. పెద్దకులాల లోగిలికి నూరి వచ్చి, రాత్రిపూట లాంతరు పెట్టుకుని తమ బడికి నూరారంట. మా తాత తండ్రి వాళ్ళలో ఒకడు. తాము కట్టిన గోడ లోపల తాము కూర్చోవడం వాళ్ళకి అదే మొదలు. మా నాయన అ ఆలు దిద్దింది ఆ గచ్చు మీదే.

కొన్నేళ్ళ కిందట దాన్ని పడగొట్టి స్లాబు వేయాలన్నారు. పల్లె రెండుగా చీలింది. కుర్రవాళ్ళం కొందరం ఉంచాలన్నాం. ఒక ఆఫీసుకి అర్జీ పట్టుకుపోయాం. అక్కడ కూర్చున్నాయన కాగితం చూసి, ‘మాలపల్లె బడి కూడా చారిత్రక కట్టడమేనా’ అని నవ్వాడు. మేము నవ్వలేదు. బయటికొచ్చి చెట్టుకింద కూర్చుని, ఆయన నవ్విన మాటని అట్టాగే రాసుకున్నాం. అది కూడా ఒక శాసనమే.

పడగొట్టాలన్నవాళ్ళ మాటలో కూడా నిజం ఉంది. ఒక అత్త నన్ను నిలదీసింది. ‘నువ్వు పట్నంలో స్లాబు కింద పడుకుంటావు. మేము కారే కప్పు కింద ప్రార్థన చేసుకోవాలా? పాతదని ముద్దు పెట్టుకోవాలా? ఊళ్ళో వాళ్ళందరికీ డాబాలున్నయ్యి. మాకు ఇన్నాళ్ళకి వచ్చింది, కట్టుకోనియ్యి.’ ఈ మాటని తేలిగ్గా తీసేసేవాడు దళితుల వారసత్వం గురించి మాట్లాడకూడదు. తరతరాలు తాటాకు కింద బతికినవాళ్ళకి స్లాబు అంటే నీడ ఒక్కటే కాదు, ఆత్మగౌరవం. పాత ఇళ్ళ అందం గురించి మనకి పాఠాలు చెప్పేవాళ్ళు ఎప్పుడూ వానకి తడిసినవాళ్ళు కాదు.

చివరికి పల్లె పెద్దలు కూర్చుని ఒక దారి తీశారు. పక్కన ఖాళీ జాగాలో కొత్త గుడి స్లాబుతో కట్టుకున్నాం. పాత బడిని ఉంచి కప్పు మార్పించాం. గోడలకి సున్నమే వాడాలని పట్టుబట్టాం. గానుగ లేదు. మా తాత దగ్గర పని నేర్చుకున్న ముసలాయన ఒకడే బతికున్నాడు. ఆయన మంచం మీద కూర్చుని చెప్తుంటే ఆడవాళ్ళు రోలులో, మగవాళ్ళు నేల మీద రోకళ్ళతో నూరారు. మొదటి విడత పగిలింది. ‘నానలేదురా, తొందరపడ్డారు’ అన్నాడు. రెండో విడత నిలిచింది. నన్ను నిలదీసిన అత్తే కరక్కాయ నీళ్ళు పోసింది. ఇప్పుడక్కడ సాయంత్రాలు పిల్లలు చదువుకుంటారు. గోడ మీద ఒక నాపరాయి పెట్టాం. మా వాళ్ళకి గుర్తున్నంతమేర మొదట కట్టినవాళ్ళ పేర్లూ, మళ్ళీ నూరినవాళ్ళ పేర్లూ అన్నీ చెక్కించాం. ఆడవాళ్ళ పేర్లు ముందు పెట్టాం. ఏ నాయకుడి పేరూ లేదు.

మనవాళ్ళు తమ చరిత్రకి తామే గుర్తులు నిలబెట్టుకున్న చోట్లు ఇంకా ఉన్నాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. శవాల్ని ఊరవతల పాతిపెట్టలేదు. ఊరి నడుమ పాతిపెట్టారు. దాన్ని రక్తక్షేత్రం అన్నారు. బతికుండగా వెలివాడలో ఉన్నవాళ్ళు చచ్చి ఊరి నడుమ జాగా తీసుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే తీర్పు చెప్పి శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పు మారింది, సమాధులు మారలేదు. మహారాష్ట్రలో భీమా కోరేగావ్ స్తంభం 1818 యుద్ధానికి గుర్తుగా ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు తమ కోసం కట్టుకున్నది. 1927 జనవరి 1న అంబేడ్కర్ అక్కడికి వెళ్ళాక, దాని మీదున్న మహర్ సైనికుల పేర్లు కొత్తగా వెలిగాయి. కట్టడం పాతదే, చదివేవాళ్ళు మారారు. కాపాడడం అంటే ఇది కూడా.

అందుకని అవార్డులు వద్దని నేను అనను. ఇచ్చేవాళ్ళని అడగమంటాను. బాగుచేసిన వాస్తుశిల్పి పేరు పక్కన సున్నం నూరినవాళ్ళ పేర్లు పెట్టమనండి. కట్టడం ముందు బోర్డు మీద దాని తలుపులు ఎవరికి ఎప్పటిదాకా మూసి ఉన్నాయో రాయమనండి. నూరేళ్ళ నియమం పట్టుకుని వాడల్ని పక్కకి నెట్టొద్దనండి. పల్లె బడి, మాదిగవాడ బావి, మొదటిసారి అంబేడ్కర్ బొమ్మ పెట్టిన అరుగు – ఇవీ కట్టడాలే.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకో పని ఉంది. అవార్డుల కోసం ఆగనక్కర్లేదు. మీ పల్లెలో అన్నిటికంటే పాత గోడ ఏదో చూడండి. దాన్ని కొలవండి. ఎవరు కట్టారో ముసలివాళ్ళని అడగండి. పేర్లు రాయండి, పని రాయండి, కూలి ఎంతిచ్చారో రాయండి. ‘కట్టించాడు’ అని ఎవరైనా చెప్తే ఆపి, ‘కట్టిందెవరు’ అని మళ్ళీ అడగండి. ముసలివాళ్ళు పోతున్నారు. సున్నం నానబెట్టడానికి టైముంది గానీ, ఈ పనికి లేదు.